ముంజేతి వాచీకి కార్డేల?

ఖరీదైన పాత వాచీల ప్రకటనల్లో ‘ఫుల్ సెట్టు’ అన్న మాట కనిపిస్తే చాలు, నాకు రక్తపోటు పెరుగుతుంది. ఫుల్ సెట్టు అంటే వాచీ, వాచీ పెట్టె, ఆ పెట్టెను పెట్టుకునే మరో పెట్టె, ఎవరూ చదవని చిన్న పుస్తకం, దారానికి వేలాడే బిళ్ల, వీటన్నిటికీ మకుటంగా వారంటీ కార్డు. ఒక వాచీ కొన్నది 2008లో అనుకోండి. అప్పట్లో ఆ కంపెనీ ఇచ్చిన వారంటీ రెండేళ్లు. అంటే 2010లోనే ఆ కార్డుకు నూరేళ్లూ నిండాయి. అయినా అదే మోడల్, అదే ఏడాది, అదే రంగు డయల్ ఉన్న రెండు వాచీల్లో కార్డు ఉన్నదానికి ఒక ధర, లేనిదానికి బాగా తక్కువ ధర. గడువు తీరిన మందు అమ్మినవాడిని పోలీసులు పట్టుకుపోతారు. గడువు తీరిన హామీ అమ్మినవాడికి మాత్రం పైకం దక్కుతుంది.

“అది హామీ కోసం కాదండీ, అసలుదని రుజువు కోసం” అంటారు విజ్ఞులు. అంగీకరించాను. వందకు పైచిలుకు విడిభాగాలున్న యంత్రాన్ని నకలు తీయగలిగిన ఘనుడికి, ఒక ప్లాస్టిక్ ముక్క మీద కొన్న తేదీ, సీరియల్ నంబరు ముద్రించడం చేతకాదని వీరి ప్రగాఢ విశ్వాసం. నకిలీ వాచీలు నకిలీ కార్డులతో సహా దొరుకుతున్నాయన్న సంగతి వీరికీ తెలుసు. అసలు వాచీ లేకుండా ఒట్టి కార్డు, ఒట్టి పెట్టె అమ్మే అంగళ్లు ఇంటర్నెట్టులో ఉన్నాయన్నదీ తెలుసు. ఒట్టి పెట్టెను డబ్బిచ్చి కొనేవాడు ఇంటికెళ్లి అందులో ఏం పెట్టుకుంటాడో మాత్రం ఎవరూ అడగరు. మర్యాద.

కాబట్టి ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. విలువంతా కార్డుదే అయినప్పుడు, వాచీని చేతికి కట్టుకుని కార్డును బ్యాంకు లాకరులో చీకట్లో పడేయడం అన్యాయం. తోలు పట్టీని కార్డుకే కుట్టించాలి. వాచీని లాకరులో పెట్టాలి, అక్కడైతే గీతలు కూడా పడవు.

భీమవరంలో ఒక కల్యాణ మండపం ఊహించుకోండి. మన పెద్దమనిషి పట్టు పంచె, సెంటు, ఎడమ ముంజేతికి నిగనిగలాడే కార్డుతో ముందు వరుసలో కూర్చున్నాడు. పీటల దగ్గర పురోహితుడికి ముహూర్తం ముంచుకొస్తోంది. “బాబుగారూ, టైమెంతయిందండీ?” అని అడిగాడు. పెద్దమనిషి హుందాగా చెయ్యెత్తి, కళ్లజోడు సవరించుకుని, “2019 మార్చి 14” అన్నాడు. పురోహితుడు కంగారు పడ్డాడు. ఆ ముహూర్తానికి ఈ పెళ్లికూతురు ఇంటర్ పరీక్షల్లో ఉంది. “అది కాదండీ, గంట ఎంతయిందని.” “గంట నాకెలా తెలుస్తుందండీ? కావాలంటే సీరియల్ నంబరు చెబుతాను.”

ఈలోగా పెళ్లికొడుకు తండ్రి వెనక వరుసలోంచి మెడ చాచి చూశాడు. “బావగారిది ఇక్కడ కొన్నదేనా? మావాడిది దుబాయ్ కార్డండీ.” “దుబాయా! ఇక్కడ చెల్లుతుందా?” “ఏ దేశంలోనైనా చెల్లుతుంది బావగారూ.” “సరే కానీ, తేదీ ముద్రించిందా, చేత్తో రాసిందా?” మండపం మొత్తం చెవులు రిక్కించింది. చేత్తో రాసిందట. ఆడపిల్ల మేనమామ చటుక్కున లేచాడు. కట్నం విషయంలో నోరెత్తనివాడు, కార్డు విషయంలో గొంతెత్తాడు. చేత్తో రాసిన కార్డున్న ఇంటికి పిల్లనెలా ఇస్తాం, రేపు అమ్ముకోవాల్సివస్తే సగం ధరైనా వస్తుందా అని నిలదీశాడు. వాచీ గురించా, పిల్ల గురించా అన్నది స్పష్టం కాలేదు. భజంత్రీలు గట్టిమేళం అందుకోవాలా వద్దా అని పురోహితుడి ముఖంలోకి, పురోహితుడు పెద్దమనిషి ముంజేతిలోకి చూస్తున్నారు. అప్పుడు వంటశాల నుంచి గరిటె పట్టుకుని వచ్చిన కుర్రాడు, సంతలో కొన్న ప్లాస్టిక్ వాచీ చూసుకుని, “తొమ్మిది నలభై రెండయిందండీ, పప్పు దించేశాం” అన్నాడు. దానికి కార్డు లేదు. అందుచేత ఆ టైమును ఎవరూ పరిగణనలోకి తీసుకోలేదు.

ఇక ఈ కార్డు బతికున్న రోజుల్లో చేసే ఘనకార్యం చూద్దాం. వారంటీ వర్తించేది తయారీ లోపానికి. సంతోషం. మరి వాచీకి ఈ లోకంలో జరిగే కష్టాలేమిటి? గుమ్మానికి తగులుతుంది, బాత్రూములో జారిపడుతుంది, అద్దం పగులుతుంది, కీ సరిగ్గా బిగించకుండా ఈతకొలనులో దిగితే నీళ్లు పోతాయి, రైల్లో దొంగ ఎత్తుకుపోతాడు, పట్టీ చెమటకు కుళ్లిపోతుంది. ఈ జాబితాను వారంటీ నిబంధనల పక్కన పెట్టుకుని చదవండి. ‘వర్తించదు’ అన్న పేరా దాదాపు ఇదే. స్పీకరు మీదో బ్యాగు అయస్కాంతం పక్కనో పెడితే లోపలి సన్నటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ పరుగు లంకించుకుంటుంది. అది కూడా మీ పాపమే.

పరుగు అంటే గుర్తొచ్చింది. స్విట్జర్లాండులో టైము కచ్చితత్వానికి పెట్టే క్రోనోమీటరు పరీక్ష నెగ్గిన యంత్రం రోజుకు నాలుగు సెకన్లు వెనకబడవచ్చు, ఆరు సెకన్లు ముందుకు పోవచ్చు. రోజుకు ఆరు అంటే నెలకు మూడు నిమిషాలు. మీ ఎనిమిది లక్షల వాచీ నెలకు మూడు నిమిషాలు అబద్ధం చెబుతోందని దుకాణానికి వెళ్తే, దాన్ని లోపం అనరు. సర్టిఫికెట్ అంటారు. రోలెక్స్ తన లెక్కను ఇంకా బిగించి, అటూ ఇటూ రెండు సెకన్లకు తెచ్చింది. గొప్పే. అయినా సంత వాచీలోని బ్యాటరీ యంత్రం నెల మొత్తానికి తప్పేది ఏ పావు నిమిషమో, మహా అయితే అర నిమిషమో. ఆ వంటశాల కుర్రాడిని మనం తక్కువగా చూశాం.

ఈ మధ్య కంపెనీలు ఏళ్లు పెంచే వేలంపాటలో ఉన్నాయి. 2015లో రోలెక్స్ రెండేళ్లను ఐదు చేసింది. 2018లో ఒమేగా కూడా ఐదన్నది. తర్వాత కార్టియే, ఐడబ్ల్యూసీ వచ్చి, మీ పేరూ ఊరూ మా దగ్గర నమోదు చేసుకుంటే ఎనిమిదన్నాయి. 2020లో ఓరిస్ తన కొత్త యంత్రానికి ఏకంగా పదేళ్లు పాడింది. పటెక్ ఫిలిప్ కథ మరీ రమ్యం. ఈ వాచీ మీది కాదు, రాబోయే తరం కోసం మీరు దీన్ని కనిపెట్టుకుని ఉంటారంతే అని 1996 నుంచి ప్రకటనలు ఇస్తూ వచ్చిన కంపెనీ, ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు ఇచ్చిన వారంటీ రెండంటే రెండేళ్లు. తరం అంటే ఆ ఊళ్లో అంతే కాబోలు.

ఇందులో చమత్కారం గమనించండి. సర్వీసు సుమారు పదేళ్లకోసారి చాలునని రోలెక్సే చెబుతుంది. హామీ ఐదేళ్లకు. అంటే వాచీకి ఏ కాలంలో ఏమీ కాదని కంపెనీకి గట్టి నమ్మకం ఉందో, సరిగ్గా ఆ కాలానికే పూచీ పడింది. నూనె ఎండి, చక్రాలు అరిగి, నిజంగా ఖర్చు తగిలే కాలం వచ్చేసరికి కార్డు ‘ఫుల్ సెట్టు’లో అలంకారం అయిపోతుంది.

అసలు వాచీని ఎవరు అమ్మవచ్చన్న తగాదా ఒకటి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మన అమెరికా తెలుగువారు నెలకు సరిపడా బాదంపప్పు, పాలు కొనుక్కునే కాస్ట్‌కో ఒకప్పుడు ఒమేగా వాచీలు అమ్మింది. 1995 డాలర్ల వాచీ 1299కే. దొంగవి కావు, నకిలీవి కావు, స్విట్జర్లాండులో ఒమేగాయే చేసి విదేశాల్లో అమ్మినవి, చేతులు మారి అక్కడికి చేరాయి. కంపెనీ నియమించిన దుకాణం మాత్రం కాదు. చవకగా అమ్మాడన్న కారణంతో ఎవరినీ కోర్టుకు ఈడ్చలేరు కదా. ఒమేగా వాచీ వెనకవైపు కంటికి ఆనీ ఆనని చిన్న భూగోళం బొమ్మ చెక్కి, దానికి కాపీరైటు తీసుకుని, మా కళాఖండాన్ని అనుమతి లేకుండా అమ్ముతున్నారని కేసు వేసింది. 2010లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు ఇటు, నలుగురు అటు తేలారు. చివరికి 2015లో అప్పీలు కోర్టులో ఒమేగా ఓడింది. ఆ బొమ్మను ఆరాధించడానికి వాచీ కొన్న రసికుడు ఒక్కడైనా ఉన్నాడేమో కనుక్కోవాలని నాకు ఇప్పటికీ ఉంది.

కొన్ని దుకాణాలైతే మరో మెట్టు ఎక్కాయి. వాచీ ఇస్తాయి, బిల్లు ఇస్తాయి, కార్డు మాత్రం ఏడాదిపాటు తమ దగ్గరే అట్టిపెట్టుకుంటాయి. కారణం, మీరు మర్నాడే ఎక్కువ ధరకు అమ్ముకుంటారని అనుమానం. లక్షలు పోసినవాడు దొంగచూపులు ఎదుర్కొని, థాంక్స్ చెప్పి, కాఫీ తాగి బయటికొస్తాడు. ఆదాయపు పన్ను శాఖ మాత్రం ఇంత అనుమానపు పిశాచి కాదు. 2025 ఏప్రిల్ నుంచి పది లక్షలు దాటిన వాచీ మీద ఒక శాతం అక్కడికక్కడే వసూలు చేయించి, పాన్ నంబరు రాసుకుని వదిలేస్తుంది. తర్వాత లెక్కల్లో సర్దుకోవచ్చు కూడా.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇక్కడినుంచి నాకు నవ్వు రాదు.

ఈ కార్డుల నిబంధనల్లో ఒకటుంది. కంపెనీ అధికారమివ్వని చెయ్యి లోపల పడినా, కంపెనీది కాని భాగం వేసినా వారంటీ పోతుంది. ఆ అధికారం లేని చెయ్యి ఎవరిది? మన బస్టాండు పక్కన, తలుపు రెక్కంత కొట్టులో, గాజు పెట్టె వెనక భూతద్దం కంటికి బిగించుకుని కూర్చున్న వాచీల మేస్త్రీది. 1961లో జపాను సిటిజన్ సాయంతో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీలు మొదలయ్యాయి. ఆ వాచీల కంపెనీ 2016లో మూతపడింది. అయినా తాతల హెచ్ఎంటీలు ఇంకా కీ ఇస్తే నడుస్తున్నాయంటే అది ఈ మేస్త్రీల పుణ్యం. ఒక చచ్చిన వాచీలోంచి చక్రం తీసి ఇంకో వాచీకి ప్రాణం పోసినవాళ్లు. వాళ్లు ఎప్పుడూ కార్డు అడగలేదు, ఇవ్వలేదు. సరిగ్గా నడవకపోతే మళ్లీ తెండి అన్నారు, మళ్లీ తెస్తే డబ్బులు తీసుకోకుండా బాగుచేశారు.

ఇప్పుడు వాళ్ల దగ్గరికి ఖరీదైన స్విస్ వాచీ తీసుకెళ్లండి. విప్పడం వచ్చు, కూర్చడం వచ్చు, జబ్బేమిటో చెవి దగ్గర పెట్టుకునే చెప్పగలరు. భాగం దొరకదు. కంపెనీలు అమ్మవు. ఒమేగాకు యజమాని అయిన స్వాచ్ గ్రూపు 2015 చివరితో బయటి టోకు వ్యాపారులకు విడిభాగాలు ఆపేసింది. యూరప్‌లో వాచీ మరమ్మతుదారుల సమాఖ్య ఈ అన్యాయం మీద 2004లోనే యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 2008లో కమిషన్ తోసిపుచ్చింది. 2010లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. 2014లో కమిషన్ మళ్లీ తోసిపుచ్చింది. 2017లో కోర్టు ఈసారి కమిషన్ చేసింది సబబేనన్నది. పదమూడేళ్లు తిరిగి, భూతద్దం పెట్టుకున్నవాళ్లు ఓడిపోయారు. మన ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కు పేరుతో పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు ఉన్నాయి. ఆ నాలుగింటిలో వాచీ లేదు. ఎవరికీ గుర్తు రాలేదు.

సిగ్గుండాలి. వాచీ డబ్బు పెట్టి కొన్నాను, అది నాది. నా వస్తువును ఎవరు విప్పాలో, స్క్రూ ఎవరు తిప్పాలో, భాగం ఎంతకు దొరకాలో నిర్ణయించేది అమ్మినవాడా? ఐదేళ్లు ఉచితమని చేతిలో కార్డు పెట్టి, ఆ తర్వాత యాభై ఏళ్లూ తన గుమ్మం దగ్గరే పడిగాపులు కాయించడానికి వేసిన పథకాన్ని హామీ అని పిలవడానికి నోరెలా వస్తుంది? తండ్రి దగ్గర పని నేర్చుకున్న మేస్త్రీ కొడుకు ఇవాళ అదే కొట్టులో ఫోన్లకు గాజు అతికిస్తున్నాడు. వాడికి పని రాక కాదు. పినియన్ చక్రం ఒక్కటి, వేలిగోరు మీద నిలిచేంత ఉక్కు ముక్క, వాడికి అమ్మకూడదని ఎక్కడో ఒక బోర్డు గదిలో తీర్మానించారు కాబట్టి.

అయినా కొంటామంటారా, కొనండి. తిరిగి అమ్ముకునే ఉద్దేశముంటే కార్డు తీసుకునే కదలండి, లోకం అలా తగలడింది. కార్డు లేకపోయినా, లోపమున్న వస్తువు అంటగట్టిన దుకాణాన్ని 2019 చట్టం కింద వినియోగదారుల కమిషన్‌కు లాగే హక్కు మీకుంది, బిల్లు దాచుకోండి. కార్డు మీద ఎన్నేళ్లు రాసుందని మాత్రం అడగకండి. వారంటీ అయిపోయాక ఆరో ఏట సర్వీసుకు ఎంత తీసుకుంటారు, వాచీని ఏ ఊరు పంపుతారు, ఎన్ని నెలలు పడుతుంది అని అడగండి. సేల్స్ కుర్రాడు చిరునవ్వు నవ్వి మేనేజరును పిలుస్తాడు, మేనేజరు కాఫీ తెప్పిస్తాడు. కాఫీ పక్కన పెట్టి, ఆ జవాబులు కాగితం మీద రాసి ముద్ర వేసి ఇమ్మనండి. ముద్ర వేయడం వాళ్లకు బాగా వచ్చు.