ఆటలోనూ టార్గెట్లేనా?

గ్రాండ్ థెఫ్ట్ ఆటో వీడియో గేమ్ వరసలో కొత్తదైన జీటీఏ 6 విడుదల 2026 నవంబరు 19న అని ప్రకటించారు. అంతకుముందు నుంచే అభిమానుల చర్చ ఒక్కదాని చుట్టూ తిరుగుతోంది: మ్యాప్ ఎంత పెద్దది? ట్రెయిలర్‌లో కనిపించిన రోడ్లనీ వంతెనలనీ కొలిచి సొంతంగా పటాలు గీసేస్తున్నారు. ఆ ప్రశ్న వింటేనే నాకు నీరసం వస్తోంది. పెద్ద పటంలో మనిష్టం వచ్చినట్టు తిరగనిచ్చే ఓపెన్ వరల్డ్ ఆటలంటే మొహం మొత్తింది. ఇలాంటి వాళ్లు తక్కువేం లేరు. వయసు మీద పడిందనో, ఉద్యోగం, పిల్లలు వచ్చాక టైమ్ దొరకట్లేదనో తమకు తాము సర్దిచెప్పుకుంటున్నారు. అనవసరం. తప్పు ఆటది.

2015లో వచ్చిన ది విచర్ 3 ఆడినవాళ్లను స్కెల్లిగే దీవుల గురించి అడగండి. పటంలో సముద్రం నిండా ప్రశ్నార్థకం గుర్తులే. పడవేసుకుని ఒకదాని దగ్గరికి వెళ్తే నీళ్లలో తేలుతున్న పీపాలు, పైనుంచి మీదికి దూకే సైరన్లనే రెక్కల రాక్షసులు. క్రాస్‌బోతో వాటిని కూల్చాలి, నీళ్లలో మునగాలి, లోపలున్న కత్తో కవచమో తీసుకోవాలి, మళ్లీ పడవెక్కాలి. తర్వాతి గుర్తు దగ్గరా ఇదే తంతు. ఆ తర్వాతా అంతే. చిత్రం ఏమిటంటే, బ్లడీ బారన్ కథ ఉన్నదీ ఇదే ఆటలో. తాగుడుకు బానిసై, భార్యను కొట్టి, చివరికి ఇల్లంతా పోగొట్టుకున్న మనిషి. అతణ్ని అసహ్యించుకోవాలో జాలిపడాలో ఎంతకీ తేలదు. అంత గొప్పగా రాయగలిగిన వాళ్లే సముద్రం నిండా పీపాలు చల్లారు. పటం ఖాళీగా కనిపించకూడదు, అంతే!

ఈ భయం పాతదే. 2007 నాటి మొదటి అసాసిన్స్ క్రీడ్‌కు పనిచేసిన ఛార్లెస్ రాండల్ 2020లో ఒక సంగతి బయటపెట్టారు. ఆట దాదాపు సిద్ధమయ్యాక కంపెనీ సీఈఓ గారి పిల్లలెవరో ఆడి, బోరుగా ఉంది, చేయడానికేం లేదన్నారట. దాంతో ఐదు రోజుల్లో సైడ్ యాక్టివిటీలు, అంటే అసలు కథ పక్కన చేసే చిన్నాచితకా పనులు, ఇరికించాల్సి వచ్చిందట. అప్పుడు హడావుడిగా వేసిన అతుకే తర్వాత ఫార్ములా అయి కూర్చుంది. 2012లో ఫార్ క్రై 3 వచ్చేసరికి టవర్ ఎక్కడం, చుట్టుపక్కల గుర్తులు బయటపడటం, ఒక్కోటీ చెరిపేసుకుంటూ పోవడం ఖాయమైన పద్ధతి. 2014 నాటి అసాసిన్స్ క్రీడ్ యూనిటీలో పటం తెరిస్తే గుర్తుల కింద పారిస్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఇక్కడిదాకా బద్ధకం అనుకుని వదిలేయొచ్చు. ఒళ్లు మండించేది ఆ తర్వాత జరిగింది. 2018 నాటి అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీలో ఎక్స్‌పీ బూస్టర్ అని ఒకటి అమ్మారు. డబ్బు కడితే ఎక్స్‌పీ అనే అనుభవ పాయింట్లు 50 శాతం ఎక్కువ వస్తాయి, లెవెల్ త్వరగా పెరుగుతుంది. అంటే పూర్తి ధర పెట్టి కొన్న ఆటలో కొంత భాగం ఆడకుండా తప్పించుకోవడానికి మళ్లీ డబ్బు! సరదాగా ఉన్నదాన్ని దాటేయడానికి ఎవరైనా ఎందుకు కడతారు? అది సరదాగా లేదని అమ్మేవాడికీ తెలుసు కాబట్టే ఆ సరుకు దుకాణంలో పెట్టాడు.

ఇష్టం లేకపోతే గుర్తుల జోలికి పోకుండా కథ మాత్రం ఆడుకోవచ్చు కదా అంటారు. కథ కూడా ఊరికే సాగనివ్వరు. ఒడిస్సీలో తర్వాతి మిషన్‌కు తగ్గ లెవెల్ లేకుండా వెళ్తే మామూలు సైనికుడు కూడా రెండు దెబ్బల్లో పడుకోబెడతాడు. చచ్చినట్టు వెనక్కొచ్చి కోటలు దోచుకోవాల్సిందే.

డైయింగ్ లైట్ 2 వాళ్లయితే 2022 జనవరిలో గొప్పగా చాటుకున్నారు: ఆట మొత్తం పూర్తిచేయాలంటే కనీసం 500 గంటలు, వార్సా నుంచి మాడ్రిడ్‌కు నడిచివెళ్లినంత అని. జనం తిట్టిపోస్తే అసలు కథ 20 గంటలేనని సర్దుకున్నారు. మనలోనూ తప్పుంది లెండి. నాలుగైదు వేలు పోసి కొన్నాం, గంటకెంత పడిందని లెక్కేసుకునే బుద్ధి మనదే.

విశాలమే నేరం అనడం లేదు. 2022 నాటి ఎల్డెన్ రింగ్ కూడా పెద్దదే. అందులో ఆట మొదట్లోనే చెరువులోని శిథిలాల కింద ఒక పెట్టె ఉంటుంది. తెరిస్తే పొగ కమ్మేస్తుంది. తేరుకునేసరికి కేలిడ్ ప్రాంతంలో ఎక్కడో గని లోపల ఉంటాం. బయటపడేదాకా వెనక్కి టెలిపోర్ట్ అయ్యే వీలు లేదు. నక్కి నక్కి ఎలాగో బయటికొస్తే ఎర్రటి ఆకాశం, మన శక్తికి మించిన జంతువులు. ముందే హెచ్చరించే గుర్తు ఒక్కటీ లేదు. టెన్షన్ అంటే అదీ! ఇటు చూస్తే యాకుజా ఆటల కామురోచో టోక్యోలోని కబుకిచో నమూనాలో కట్టిన నాలుగు వీధుల పేట. 2005 నుంచి ఆటగాళ్లు మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్తున్నారు. నెట్ సెంటర్లో గంట లెక్కన డబ్బిచ్చి పాత జీటీఏ వైస్ సిటీ ఆడిన మన తరంలో మిషన్లు చేసిందెవరు? చీట్ కోడ్ కొట్టి ట్యాంకు దింపుకోవడం, బైకెక్కి బీచ్ వెంబడి తిరగడం. అదే ఆట.

ఇప్పుడు తిరగడానికి కూడా టార్గెట్ ఉంది. ఫుడ్ డెలివరీ కుర్రాడికి యాప్ చూపించే స్క్రీన్‌నూ ఈ ఆటల స్క్రీన్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. వెళ్లాల్సిన చోటు, మిగిలిన దూరం, ఇంకొన్ని పూర్తిచేస్తే వచ్చే ఇన్సెంటివ్. చేతి గడియారం అడుగులు లెక్కపెడుతుంది, భాష నేర్పే యాప్ ఒక్కరోజు మానేస్తే దెప్పుతుంది. గచ్చిబౌలిలో పగలంతా టికెట్లు క్లోజ్ చేసిన ఉద్యోగి రాత్రి కంట్రోలర్ పట్టుకుని మళ్లీ పెండింగ్ జాబితా తెరుస్తున్నాడు. ఆదివారం ఆఫీసు పని పడితే చిర్రుబుర్రులాడే మనిషే, ఈ డ్యూటీకి మాత్రం ఎదురు డబ్బిచ్చి మరీ తెల్లవారుజాము దాకా కూర్చుంటున్నాడు.

2017లో వచ్చిన జెల్డా బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో 900 కొరొక్ విత్తనాలు దాచారు. అన్నీ ఏరి తెచ్చినవాడికి నింటెండో ఇచ్చే బహుమతి, పేడకుప్ప ఆకారంలో ఉన్న ఒక బంగారు ముద్ద. అది బాగా కంపు కొడుతుందని దాని వివరణలోనే రాశారు. అంత కష్టపడితే ఇదా అని తిట్టుకున్నవాళ్లు ఉన్నారు. నాకైతే ఈ మొత్తం పరిశ్రమ ఆటగాడితో నిజం మాట్లాడింది ఆ ఒక్కసారే అనిపిస్తుంది.