విరేచనాల లెక్క సరే, మూత్రం మాటేమిటి?

పిల్లాడికి విరేచనాలు పట్టుకోగానే ఇంట్లో మొదలయ్యే లెక్క ఒకటే: పొద్దున్నుంచి ఎన్నిసార్లు? డాక్టరుకు ఫోన్ చేసినా ముందు ఆ అంకే చెబుతాం. పోయిన నీరు తిరిగి అందుతోందా, మూత్రం సరిగా వస్తోందా అన్నది మాత్రం ఎవరికీ పట్టదు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

ఆ నీటిని అందించే మందు ఓఆర్‌ఎస్, అంటే నీళ్లలో కలిపి పట్టే ఉప్పు, గ్లూకోజుల పొడి. ఆ పేరు తగిలించుకుని తియ్యటి పానీయాలు ఏళ్ల తరబడి మెడికల్ షాపుల్లో అమ్ముడుపోయాయి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దంది, జులైలో ‘ఇది డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు’ అని ప్యాకెట్ మీద ఓ హెచ్చరిక ముద్రిస్తే చాలని సడలించింది. చంకలో పిల్లతో, కంగారుగా వచ్చిన తల్లి ఆ హెచ్చరిక చదువుతుందని అధికారులు ఎలా అనుకున్నారో! హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబరులో గానీ ఆ పేరు వాడకానికి అడ్డుకట్ట పడలేదు.

డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఓఆర్‌ఎస్ ఫార్ములాలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. ఆ తియ్యటి పానీయాల్లోలా చక్కెర మితిమీరితే పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను ఇంకా పెంచుతుంది.

అసలైన ప్యాకెట్ కొన్నా గండం గడిచినట్టు కాదు. లీటరు ప్యాకెట్ చింపి, రెండు చెంచాలు గ్లాసులో కలిపి, మిగతాది మడిచి ఫ్రిజ్ మీద పెడతారు. దాంతో ఉప్పు పాళ్లు తప్పుతాయి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. తల్లిపాలు మాన్పించొద్దు. డాక్టరు చెప్పిన జింకు విరేచనాలు తగ్గినా 14 రోజులు వాడాల్సిందే.

ఇంట్లో ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. ఆరేడు గంటలుగా మూత్రం లేదు, కళ్లు లోపలికి పోయాయి, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు, మత్తుగా పడి ఉన్నాడు, తాగలేకపోతున్నాడు, మలంలో రక్తం పడింది, వాంతి ఆకుపచ్చగా అవుతోంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. మూడు నెలల లోపు బిడ్డకైతే 100.4 డిగ్రీల జ్వరం ఒక్కటే చాలు, ‘పళ్లొస్తున్నాయిలే’ అన్న పక్కింటావిడ మాట పక్కనపెట్టి బయల్దేరాలి.