కర్పూరం వాసనకి ఆక్సిజన్ పెరగదు

చార్‌ధామ్ యాత్ర మొదలయ్యే రోజులొస్తే చాలు, ఈ మెసేజ్ మళ్ళీ గ్రూపుల్లో తిరుగుతుంది. "కొండల మీద చెట్లుండవు, అందుకే ఆక్సిజన్ తక్కువ. రుమాల్లో నాలుగు కర్పూరం బిళ్ళలు కట్టుకుని వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుంది. ఒక ఆక్సిజన్ క్యాన్, రాత్రికి ఓ పెగ్గు బ్రాందీ చాలు. డయామాక్స్ (ఎత్తు ప్రదేశాల్లో వచ్చే జబ్బు రాకుండా వేసుకునే మాత్ర) వద్దు, అది జబ్బును దాచేస్తుంది." సాక్ష్యంగా ఒక వీడియో కూడా ఉంటుంది: వేలికి ఆక్సీమీటరు, ముక్కు దగ్గర కర్పూరం, పెరుగుతున్న అంకె.

చెట్లదే తప్పయితే ఎడారిలోని జైసల్మేర్‌లో అందరూ ఆయాసపడాలి. గాలిలో ఆక్సిజన్ వాటా కాకినాడలోనూ కేదార్‌నాథ్‌లోనూ ఒకటే, 20.9 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి, అందుకే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజనూ తగ్గుతుంది. లద్దాఖ్‌లో 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో ఆ ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో సుమారు మూడింట రెండొంతులు, 5,359 మీటర్ల ఖర్దూంగ్ లా కనుమ మీద సగానికి కాస్త ఎక్కువ.

ఇక కర్పూరం. దాని ఘాటు ముక్కులో చల్లదనాన్ని గుర్తించే నరాలను తట్టిలేపుతుంది. గాలి ధారాళంగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, అంతే. ముక్కులో గాలికి ఉండే అడ్డును పరికరంతో కొలిచి చూస్తే మార్పేమీ కనిపించలేదు. మరి వీడియోలో అంకె ఎందుకు పెరిగింది? వాసన చూడమంటే ఎవరైనా గుండెల నిండా పీలుస్తారు. కర్పూరం జేబులోనే ఉంచి అలాగే ఆరేడుసార్లు గాఢంగా పీల్చి చూడండి, అంకె అలాగే ఎక్కుతుంది. మామూలుగా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టగానే దిగిపోతుంది. వీడియో సరిగ్గా ఆలోపే ఆగిపోతుంది. పైగా వేళ్ళు చల్లగా ఉన్నా, గోళ్ళకు రంగున్నా ఆక్సీమీటరు తప్పు చూపించవచ్చు.

వాసన చూస్తే పెద్దగా నష్టం లేదు గానీ, కొందరు దాన్ని మింగుతున్నారు. కర్పూరం కడుపులోకి వెళ్తే మూర్ఛ రావచ్చు, చిన్నపిల్లలకైతే ఒక గ్రాము కూడా ప్రాణాంతకం కావచ్చు. మూసిన టెంటులో వెలిగిస్తే మరో ప్రమాదం: మంట ఉన్న ఆక్సిజన్‌నే తినేసి పొగ నింపుతుంది.

క్యాన్ సంగతి లెక్క వేస్తే తేలిపోతుంది. పది లీటర్ల క్యాన్‌ను నిమిషానికి రెండు లీటర్ల చొప్పున వాడితే అయిదు నిమిషాలు. ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాడికి గంటల తరబడి ఆక్సిజన్ కావాలి. బ్రాందీ చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి, వెచ్చగా ఉందనిపిస్తూనే ఒంట్లో వేడిని బయటికి పంపేస్తుంది. నిద్రలో శ్వాసనూ మందగింపజేస్తుంది. మొదటి రెండు రోజులు ముట్టకపోవడమే మేలు.

డయామాక్స్ జబ్బును దాచదు. అది మూత్రపిండాల ద్వారా బైకార్బొనేట్ అనే క్షారాన్ని బయటికి పంపి రక్తాన్ని కొంచెం ఆమ్లం వైపు తిప్పుతుంది, దాంతో శ్వాస పెరుగుతుంది. శరీరం నాలుగు రోజుల్లో చేసుకునే సర్దుబాటునే తొందరపెడుతుందన్నమాట. నివారణకు పెద్దలకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ అవుతుంది, సోడా రుచి పాడవుతుంది. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ జబ్బున్నవారు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు.

మెసేజ్‌లో అసలు విషయమే లేదు: ఎంత ఎత్తు ఎక్కామన్నది కాదు, ఏ ఎత్తులో పడుకున్నామన్నది. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. గుల్మార్గ్‌లో స్కీయింగ్ చేసేవాళ్ళు గొండోలాలో (తీగ మీద నడిచే రోప్‌వే) దాదాపు 3,900 మీటర్లకు వెళ్ళినా రాత్రికి 2,650కి దిగిపోతారు, అందుకే చాలామందికి ఇబ్బంది ఉండదు. ఢిల్లీ నుంచి విమానంలో లేహ్ దిగేవాళ్ళది దీనికి పూర్తిగా ఎదురు. కనీసం రెండు రాత్రులు లేహ్‌లోనే ఉండి, తర్వాత నుబ్రా లోయ (లేహ్ కంటే కాస్త తక్కువ ఎత్తే), ఆ తర్వాతే సుమారు 4,250 మీటర్ల పాంగాంగ్ సరస్సు. మనాలి దారిలో వెళ్ళి రెండో రాత్రికే సర్చూలో, దాదాపు అదే ఎత్తులో పడుకుంటే తలపోటు ఖాయం అనుకోండి. శ్రీనగర్–కార్గిల్ దారి మెల్లగా ఎక్కిస్తుంది. వయసు, జిమ్ము కండలు ఇక్కడ పనికిరావు. కుర్రాళ్ళు తొందరగా ఎక్కి తొందరగా పడతారు.

తలనొప్పికి వికారమో, తల తిరగడమో, మరీ నీరసమో తోడైతే అవి తగ్గేదాకా ఇంకా ఎక్కకండి. కూర్చున్నా ఆయాసం, నురగతో దగ్గు, మాట తడబాటు కనిపిస్తే, లేదా మడమకు బొటనవేలు తగిలేలా గీత మీద నడవమంటే తూలితే, అర్ధరాత్రయినా సరే ఆక్సిజన్ పెట్టి కిందికి దించాలి. కనీసం 300 మీటర్లు, వీలైతే వెయ్యి. మనిషిని ఒంటరిగా పంపొద్దు, నడిపించొద్దు, మోసుకుని దించండి.