కోహా వచ్చా అని అడుగుతున్నారు సరే, తెలుగు పుస్తకం చూడటం వచ్చా అని అడగరేం?

లైబ్రేరియన్ పోస్టుకి ఈమధ్య వస్తున్న ప్రకటనలు చూడండి. లైబ్రరీ సైన్స్ పీజీ ఎంఎల్ఐఎస్సీ, అర్హత పరీక్ష నెట్ ఎలాగూ ఉంటాయి. అసలు జాబితా వాటి కింద మొదలవుతుంది: కోహా (లైబ్రరీ కాటలాగు, పుస్తకాల ఇచ్చిపుచ్చుకోవడం నడిపే సాఫ్ట్‌వేర్), డీస్పేస్ (థీసిస్‌లు, పత్రాలు డిజిటల్‌గా భద్రపరిచేది), ఆర్ఎఫ్ఐడీ (పుస్తకాలకు అంటించే రేడియో చిప్పులు), ప్లేజియరిజం (రాతల చౌర్యం) పట్టే సాఫ్ట్‌వేర్, రిమోట్ యాక్సెస్, కాలేజీలకు గ్రేడ్లు, ర్యాంకులు ఇచ్చే న్యాక్‌కీ ఎన్ఐఆర్ఎఫ్‌కీ డేటా తయారుచేసిన అనుభవం. ఇప్పుడు ఏఐ టూల్స్ కూడా చేరుతున్నాయి. కాటలాగింగ్, అంటే ప్రతి పుస్తకం వివరాలూ రికార్డుగా రాసే పని, ఉంటే చివర్లో ఉంటుంది, లేదా ఉండదు. తెలుగు చదవడం, రాయడం రావాలన్న షరతు మాత్రం నేను చూసినవాటిలో ఒక్కదానిలోనూ లేదు. బీరువాలకొద్దీ తెలుగు పుస్తకాలున్న కాలేజీలు కూడా దాన్ని అడగడం లేదు.

ఈ మార్పు ఎందుకొచ్చిందో అందరికీ తెలిసిందే. 2018లో యూజీసీ ప్లేజియరిజం నిబంధనలు తెచ్చాక థీసిస్ తనిఖీ చాలాచోట్ల లైబ్రరీ నెత్తిన పడింది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ‘ఒకే దేశం ఒకే చందా’ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలకు ఒకే ఒప్పందం కింద అందుతాయి. ఏ జర్నల్ తెప్పించాలి, ఎంతకు బేరమాడాలి అన్న పని చాలావరకు లైబ్రేరియన్ చేతిలోంచి పోయింది. వచ్చిన వాటిలో కావలసింది వెతికి పట్టుకోవడం పిల్లలకు నేర్పే పని మిగిలింది. కాబట్టి యాజమాన్యాలు కొత్త నైపుణ్యాలు అడగడంలో తప్పేమీ లేదు. అక్కడితో ఆగిపోవడమే తప్పు.

‘కాటలాగింగ్‌కి ఇంకా మనిషెందుకు? ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం మీదుండే గుర్తింపు సంఖ్య, కొడితే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రికార్డు కోహాలోకి క్షణాల్లో దిగుతుంది కదా’ అంటారు. ఇంగ్లీషు టెక్స్ట్‌బుక్కు విషయంలో అది నూటికి నూరుపాళ్లూ నిజం. కానీ 1970కి ముందు అచ్చయిన పుస్తకానికి ఐఎస్‌బీఎన్ అన్నదే లేదు. మనకు అమ్మిన గోధుమల రూపాయలతో అమెరికా మన పుస్తకాలు కొన్న పీఎల్-480 పథకం కింద అక్కడికి చేరిన తెలుగు పుస్తకాలకు అక్కడ రికార్డులున్నాయి, నిజమే. కానీ వాటిలో పేర్లు రోమన్ లిపిలో, అక్షరాల మీద గీతలతో, కింద చుక్కలతో ఉంటాయి. మన డిగ్రీ విద్యార్థి ఆ గీతలూ చుక్కలూ కొట్టి వెతకడు. తెలుగు లిపిని కూడా పక్కనే నమోదు చేయడానికి లైబ్రరీ రికార్డుల ప్రమాణమైన మార్క్‌లో 880 అనే ట్యాగ్ ఉంది. దాన్ని నింపాలంటే తెలుగు రావాలి.

ఒక పుస్తకం చేతిలోకి తీసుకుందాం. అట్ట ఊడిపోయింది. లోపలి పేజీలో ‘ప్రభవ సంవత్సరము, వెల 12 అణాలు’ అని మాత్రమే ఉంది. ప్రభవ అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1867, 1927, 1987. అణాలు 1957లో పోయాయి కాబట్టి 1987 కాదు. మిగిలిన రెండింటిలో ఏది? అక్షరాల పోత చూడాలి, అరసున్నలు పెట్టారో లేదో చూడాలి, ప్రెస్సు పేరు చూడాలి, పీఠికలో ఎవరికి కృతజ్ఞతలు చెప్పారో చదవాలి. ఇక రచయిత పేరు సంగతి. ఒక పుస్తకం మీద రావిశాస్త్రి అని ఉంటుంది, ఇంకోదాని మీద రాచకొండ విశ్వనాథశాస్త్రి. ఆరుద్ర అంటే భాగవతుల సదాశివశంకర శాస్త్రి అని తెలియనివాడు ఒకే మనిషిని ఇద్దర్ని చేస్తాడు. ఇంటిపేరు ముందుంటుందన్న సంగతి కూడా తెలియని సాఫ్ట్‌వేర్ అమరిక ‘శాస్త్రి’ దగ్గర అందరినీ కుప్పపోస్తుంది. ఓ కాలేజీ లైబ్రరీలో నాకు కావలసిన కవితా సంపుటి కంప్యూటర్లో లేదన్నారు. బీరువాలో ఉంది. ఎంట్రీ చేసినవారు ద బదులు ధ వినిపించేలా ఇంగ్లీషులో స్పెల్లింగ్ కొట్టారు, అంతే. ఆ పుస్తకం పదిహేనేళ్లుగా ఎవరూ తీసుకోలేదని వెనక అంటించిన డేట్ స్లిప్ చెబుతోంది.

ఇది ఒక కాలేజీ బీరువాతో ముగిసే కథ కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. ఎంత గొప్ప పని! కానీ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు కొట్టారు. ఎన్నో పుస్తకాలు నెట్‌లో ఉండీ దొరకవు. వాటిని వెతికి పట్టుకుని సరైన పేర్లతో జాబితాలు కట్టింది చాలావరకు జీతం లేని ఔత్సాహికులే. పైగా స్కాన్ అంటే బొమ్మ. అది అక్షరంగా మారేదాకా యంత్రానికి అందులో ఏముందో తెలియదు.

ఇప్పుడు ఆ ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్ దగ్గరకు వద్దాం. అది తన దగ్గరున్న పాఠంతోనే పోల్చగలదు. 1940ల నాటి తెలుగు విమర్శ గ్రంథం నుంచి పది పేజీలు ఎత్తి థీసిస్‌లో పెట్టినా, ఆ గ్రంథం బొమ్మగానే ఉన్నంతకాలం యంత్రం పట్టుకోలేదు. పది శాతంలోపు పోలిక అని నివేదిక వస్తుంది. నిబంధన ప్రకారం అది చిన్న పోలిక, శిక్ష ఉండదు. ఆ పేజీలు చదివిన లైబ్రేరియన్ ఒక్కరే పట్టుకోగలరు. ఆ లైబ్రేరియన్‌ని మనం ఉద్యోగంలోకి తీసుకోవడమే మానేశాం.

తెలుగులో అడిగితే ఏఐ తడబడుతోందని, లేని పద్యాలు పుట్టిస్తోందని మనమంతా వాపోతున్నాం. దానికి తిండి ఎక్కడిది? రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం 1898 నాటిది, హైదరాబాద్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నాటిది, వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది. నూరేళ్ల తెలుగు ఆలోచన వాటి అరల్లో ఉంది. అక్కడున్న పాత పత్రికల్లో ఏ సంచికలో ఎవరు ఏం రాశారో వరసగా నమోదు చేసేవాళ్లు కావాలి. అది సాఫ్ట్‌వేర్ ఇంజినీరు పని కాదు, తెలుగు ఎంఏ ఒక్కటే చదివినవారి పనీ కాదు. రెండూ తెలిసిన కాటలాగర్ పని. తెలుగు భవిష్యత్తు గురించి సభల్లో మాట్లాడే పెద్దలు ఈ ఉద్యోగం గురించి ఒక్కసారైనా మాట్లాడాలి.

నియామక కమిటీల్లో కూర్చునేవారికి నా విన్నపం ఒక్కటే. ఇంటర్వ్యూలో కోహా గురించి అడగండి, డీస్పేస్ గురించి అడగండి. ఆ తర్వాత మీ లైబ్రరీలోంచే అట్ట ఊడిన ఒక తెలుగు పుస్తకం తెచ్చి అభ్యర్థి ముందు పెట్టి, అరగంట ఇచ్చి, రికార్డు రాయమనండి.