లైట్‌రూమ్ ఫోల్డర్ అంతా చెత్తేనా?

ముహూర్తాలు మొదలైతే చాలు, మా తిరుపతి ఫొటోగ్రాఫర్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. "సీ డ్రైవ్ నిండి ఎర్రగా కనిపిస్తోందా? పిక్చర్స్‌లో ఉన్న లైట్‌రూమ్ ఫోల్డర్ తీసేయండి, అదంతా క్యాషే. పాత పెళ్లిళ్ల రా ఫైళ్లను జేపెగ్ చేసుకోండి, తేడా ఉండదు. ప్రీఫెచ్ ఖాళీ చేసి డీఫ్రాగ్ కొట్టండి. ఒక్క ఫొటో కూడా పోదు" అని. లైట్‌రూమ్ అంటే ఫొటోల రంగు, వెలుగు సరిచేసే సాఫ్ట్‌వేర్. క్యాష్ అంటే పని త్వరగా అవడానికి అది దాచుకునే తాత్కాలిక ఫైళ్లు. రా అంటే కెమెరా కుదించకుండా ఇచ్చే అసలు ఫైలు.

ఫొటోలు పోవు, నిజమే. వాటి మీద చేసిన పని పోతుంది. పోయినేడాది ఒక కుర్రాడు తిరుచానూరు పెళ్లి ఒకటి తీసి, వారం రోజులు కూర్చుని కలర్ సరిచేశాడు. ఆ రాత్రే మెసేజ్ చూసి ఫోల్డర్‌ని షిఫ్ట్ డిలీట్ కొట్టాడు. పొద్దున్నే ఫోన్: "అన్నా, ఫొటోలన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయి, కానీ కెమెరాలోంచి అప్పుడే దించినట్టున్నాయి!" ఉంటాయి మరి. లైట్‌రూమ్ క్లాసిక్ అసలు ఫొటో జోలికి పోదు. మనం చేసిన మార్పులన్నీ ఎల్ఆర్‌క్యాట్ అనే కేటలాగ్ ఫైల్లో రాసుకుంటుంది. మనం మార్చకపోతే బ్యాకప్‌లు కూడా ఆ ఫోల్డర్‌లోనే పడతాయి కాబట్టి అవీ పోయాయి. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి చూశాం. ఆ డ్రైవ్ ఎస్‌ఎస్‌డీ (చిప్పులతో పనిచేసే డిస్కు), డిలీట్ చేసిన చోటును అందులోని ట్రిమ్ అనే ఏర్పాటు ఎప్పుడో ఊడ్చేసింది.

ఆ ఫోల్డర్‌లో తీయదగ్గవి లేకపోలేదు. ప్రివ్యూస్ అని పేరుండి ఎల్ఆర్‌డేటాతో ముగిసేదే ఎక్కువ చోటు తింటుంది. లైట్‌రూమ్ మూసి దాన్ని తీసేసినా మళ్లీ తయారవుతుంది, కాసేపు ఓపిక పట్టాలి, అంతే. పాత బ్యాకప్‌లను లైట్‌రూమ్ తనంతట తాను తీయదు. చివరి రెండు మూడు ఉంచుకుని మిగతావి తీసేయొచ్చు.

ఇక రా, జేపెగ్ ఒకటేనన్న మాట. 14 బిట్ల రా ఫైల్లో ఒక్కో రంగుకు 16,384 మెట్లుంటాయి, జేపెగ్‌లో 256. తలంబ్రాల వేళ వీడియోవాళ్ల లైటు మధుపర్కాల మీద పడి తెల్లగా కాలిపోతే, రాలో హైలైట్స్ తగ్గించి నేత చాలావరకు వెనక్కి తేవచ్చు. జేపెగ్‌లో తగ్గిస్తే ఆ తెలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. కళ్లు మూసుకున్నవీ, షేకయినవీ అయితే రా కూడా తీసేయండి, ఎవరడుగుతారు?

ప్రీఫెచ్ అంటే ప్రోగ్రాములు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ రాసుకునే ఫైళ్లు. అవి కొన్ని ఎంబీలే, తీసినా విండోస్ మళ్లీ రాసుకుంటుంది. డీఫ్రాగ్ చోటు ఇవ్వదు, ఉన్న ముక్కలను సర్దుతుంది. ఎస్‌ఎస్‌డీకి అదీ అక్కర్లేదు.

మెసేజ్‌లో లేనిది ఫొటోషాప్ స్క్రాచ్ ఫైలు. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు 300 డీపీఐలో తెరిస్తే ఒక్క నిండు లేయరే 110 ఎంబీ దాటుతుంది. లేయర్లు, హిస్టరీ పెరిగి ర్యామ్ చాలకపోతే అదంతా డిస్కు మీద ఈ స్క్రాచ్ ఫైల్లోకి పోతుంది. మధ్యలో కరెంటు పోయినా, ఫొటోషాప్ హ్యాంగై మూసుకున్నా ఆ ఫైలు అక్కడే మిగిలిపోవచ్చు. ఫొటోషాప్ మూసి, టెంప్ ఫోల్డర్‌లో 'ఫొటోషాప్ టెంప్' అని మొదలయ్యేవి తీసేయండి. ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్‌ని వేరే డ్రైవ్‌కి మార్చుకోండి.

ఆ కుర్రాడి సీ డ్రైవ్‌లో ఇలాంటి ఫైలు ఒకటి 38 జీబీతో కూర్చుని ఉంది. వాడు తీసేసిన లైట్‌రూమ్ ఫోల్డర్ అందులో సగం కూడా లేదు.