సంతకం లేని ఉత్తరమే సుఖం

డెల్టాలో కాలువలు వదలడానికి ఒక తేదీ, కట్టేయడానికి ఒక తేదీ ఉంటాయి. కళాశాలకు ఆకాశరామన్న ఉత్తరం రావడానికి మాత్రం అటువంటి కట్టుబాటు లేదు. పదోన్నతుల జాబితా కదిలినప్పుడు కాస్త జోరుగా వస్తుందంటారు గానీ, పెద్దల విషయాలు మనకెందుకు?

‘మీ కళాశాలలో ఒక అధ్యాపకుడి ప్రవర్తన బాగాలేదు. ఎవరో మీకు తెలుసు. ఇట్లు, బాధితులు.’

ఎంత సౌకర్యమైన ఉత్తరం! పేరు లేదు, తేదీ లేదు, ఆయన చేసిందేమిటో లేదు. ప్రిన్సిపాల్ గారు ఎవరినీ పిలిచి అడగనక్కరలేదు, అందరినీ అనుమానిస్తే చాలు. వృక్షశాస్త్రం మాస్టారు రసాయనశాస్త్రం మాస్టారి వంక చూస్తారు. తెలుగు మాస్టారు ఉత్తరంలో ఒక్క అక్షరదోషమూ లేకపోవడం గమనించి, ఇది మన విద్యార్థులు రాసింది కాదని తేల్చేస్తారు.

సాయంత్రం కోటిపల్లి రేవులో పంటు ఎక్కేసరికి ఆ ఖాళీలో ఒక పేరు వచ్చి కూర్చుంటుంది. గౌతమి దాటి ముక్తేశ్వరంలో దిగేసరికి ఆ పేరుకొక కథ, కథకు ఇద్దరు సాక్షులు. ఆ పేరుగల మనిషి నిర్దోషి అయితే ఆయన పాట్లు చెప్పనలవి కాదు. తప్పు చేయలేదని చెప్పుకోవాలన్నా ముందు ఎవరో ఒకరు ఒక తప్పు మోపాలి కదా, ఆ భాగ్యమూ లేదు. నిజంగా చేసినవాడు ఉంటే, పంటులో ఆయన పక్కనే నిలబడి సానుభూతి చూపిస్తుంటాడు.

మర్నాడు సర్క్యులర్: ‘సిబ్బంది అందరూ సత్ప్రవర్తనతో మెలగవలెను.’ అందరూ సంతకాలు చేస్తారు. ఫైలు మూసేస్తారు.

పేరూ ఊరూ లేని ఫిర్యాదులపై చర్య తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లోనే చెప్పింది. అది కేంద్ర ప్రభుత్వ శాఖల అవినీతి వ్యవహారాల మాట, మనకు వర్తించదు. లైంగిక వేధింపులపై 2013 చట్టం మాత్రం వర్తిస్తుంది. సీనియర్ మహిళ అధ్యక్షతన కమిటీ ఉండాలి, సభ్యుల్లో సగానికి తక్కువ కాకుండా మహిళలుండాలి, బయటి వ్యక్తి ఒకరుండాలి, 90 రోజుల్లో విచారణ ముగియాలి. ఫిర్యాదు రాతలో పెట్టలేనివారికి సాయం చేయవలసిన బాధ్యత కూడా ఆ కమిటీదే. కమిటీ మనకూ ఉంది. నోటీసు బోర్డు అద్దం వెనుక, తాళం వేసి ఉంది.

అసలు ప్రమాదం సంతకంతో వచ్చే ఫిర్యాదు. అందులో అమ్మాయి పేరు, రోల్ నంబరు, ల్యాబ్‌లో ఏ రోజు ఏమి జరిగిందో, ఆయన ఏమన్నాడో అన్నీ ఉంటాయి. చదివినవారు ఏదో ఒకటి చేసి తీరాలి. అందుకని ముందు ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, “నాన్నగారికి తెలిస్తే చదువు మాన్పించేస్తారేమో చూసుకో అమ్మా, పెళ్లి కావలసిన పిల్లవి” అని వాత్సల్యంతో చెబుతారు. గోదావరి మర్యాద ఊరికే అన్నారా! గడపలోకి వచ్చినవారిని ఉత్త చేతులతో పంపకూడదు కనుక, ఆమె కాగితం ఆమె చేతికే ఇచ్చి పంపుతారు.

కొన్నాళ్లకు సంతకం లేని ఉత్తరం ఒకటి వస్తుంది. “ధైర్యముంటే పేరు రాయవచ్చు కదా!” అని స్టాఫ్ రూములో అందరికంటే గట్టిగా అడిగేది, ఆనాడు మంచినీళ్లిచ్చినవారే.