పాత బోల్టుల డబ్బా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పాత బోల్టుల డబ్బా గారి దివ్యసముఖానికి,

మా వీధి మెకానిక్ షెడ్డులో, పంక్చరు ట్యూబుల కుప్ప పక్కన, పైభాగం కోసేసిన ఇంజనాయిల్ డబ్బాలో కొలువుతీరిన తమరికి నమస్కారాలు. ఏ కంపెనీ బండి వచ్చినా, ఏ బోల్టు ఊడిపోయినా, మేస్త్రి చెయ్యి ముందు తమ కడుపులోకే వెళ్తుంది. గలగలా కెలుకుతాడు. ఒకటి తీసి, ప్యాంటుకి తుడిచి, "ఇది సెట్టయిపోద్ది సార్" అంటాడు. అంతే, కొలతల కార్యక్రమం సమాప్తం. లూధియానాలో అన్ని ఫ్యాక్టరీలు పెట్టుకుని రాత్రింబవళ్లు కొత్త బోల్టులు చేస్తున్నవాళ్లకి తమరి సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

తమ దర్బారులో ఎవరినైనా పానా నంబరుతోనే పిలుస్తారు. 10 నంబరు బోల్టు, 12 నంబరు బోల్టు, 14 నంబరు బోల్టు. కానీ ఆ నంబరు తల వెడల్పుది, కన్నంలోకి వెళ్లే ఒంటిది కాదు. 10 నంబరు బోల్టు ఒళ్లు మామూలుగా 6 మిల్లీమీటర్లే. దాంతో పెద్ద పేచీ లేదు. 8 మిల్లీమీటర్ల ఒళ్లున్న బోల్టు దగ్గర మొదలవుతాయి తమ లీలలు. జపాన్ పద్ధతి బండ్లలో దాని తల 12, హార్డ్‌వేర్ షాపులో కొంటే 13. 10 మిల్లీమీటర్లదానికైతే జపాన్ వాళ్లు 14 తల పెట్టారు, పాత జర్మన్ పద్ధతిలో 17, తర్వాత వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ పద్ధతిలో 16. ఒక్క మొండేనికి ఇన్ని తలలు తగిలించి, తలని చూసి మొండెం గుర్తుపట్టమంటే మేస్త్రి మాత్రం ఏం చేస్తాడు పాపం?

సరే, లావు కుదిరిందనుకుందాం. చుట్ల మాటేమిటి? 10 మిల్లీమీటర్ల బోల్టు బజార్లో అడిగితే చేతిలో పెట్టేది 1.5 పిచ్‌ది, అంటే ఒక చుట్టుకీ పక్క చుట్టుకీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు. జపాన్ పద్ధతి బండ్లలో ఎక్కువగా ఉండేది 1.25. తేడా పావు మిల్లీమీటరు, కంటికి ఆనదు. తమరు ప్రసాదించిన బోల్టు చేత్తో రెండు చుట్లు హాయిగా తిరుగుతుంది, మూడో చుట్టులో మొరాయిస్తుంది. బోల్టు నోరు తెరిచి "నేను దీనికి కాదురా బాబూ" అని చెప్పే క్షణం అదే. మన షెడ్డులో మాత్రం దానికి "తుప్పు పట్టింది, ఆయిల్ కొట్టి తిప్పు" అని అర్థం. చిన్నోడు పానాకి పైపు తగిలిస్తాడు. బోల్టు ఉక్కుది, ఇంజను కేసింగు అల్యూమినియంది. ఎవరు ఓడతారో వేరే చెప్పాలా? త్రెడ్, అంటే కన్నంలోని చుట్లు, పోయాక లేత్ షాపుకి తీసుకెళ్లి, కన్నం పెద్దది చేసి, బుష్ (లోహపు గొట్టం ముక్క) వేయించి, మళ్లీ ట్యాప్ కొట్టించాలి, అంటే లోపల చుట్లు కోయించాలి. తమరు ఉచితంగా ఇచ్చిన బోల్టుకి బిల్లు అక్కడ కడతాం.

ఇదంతా తప్పించడానికి రాకెట్ సైన్సు అక్కర్లేదని మనవి. వెర్నియర్ కొలబద్ద‌తో ఒళ్లు కొలిస్తే 9.8 చూపిస్తుంది, అది 10 మిల్లీమీటర్ల బోల్టే, అరిగిపోయిందని కంగారుపడక్కర్లేదు. స్కేలు పెట్టి పది చుట్ల దూరం చూస్తే 12.5 మిల్లీమీటర్లు వస్తే ఒక రకం, 15 వస్తే ఇంకో రకం. స్కేలు కూడా లేదా? సరైనదని తెలిసిన బోల్టుని పక్కన ఆనించి వెలుతురుకి పట్టండి, చుట్లు ఒకదాంట్లో ఒకటి కూర్చోకపోతే కాదని అర్థం. హోండా పార్టు నంబర్లలోనైతే కొలత రాసే ఉంటుంది. 95701-06020-00 అంటే 6 లావు, 20 పొడవు ఉన్న ఫ్లాంజ్ బోల్టు (తల కింద వెడల్పు అంచు ఉండేది). చదివేవాళ్లు లేకపోతే నంబరు మాత్రం ఏం చేస్తుంది లెండి.

పొడవు గురించి తమకి పట్టింపే లేదు. ఇంజను సైడు కవరుకి ఉండే బోల్టులన్నీ ఒకే పొడవుండవు. పొడుగుది పొట్టి కన్నంలో పెడితే అడుగు తన్నేస్తుంది, బిగిసినట్టే ఉంటుంది, కవరు మాత్రం వదులుగానే ఉండి ఆయిల్ కారుతుంది. ఇంకా బిగిస్తే కేసింగే పగలొచ్చు. పొట్టిది పెడితే రెండు చుట్ల మీద వేలాడి, వాటినే పీక్కుని బయటికొస్తుంది. కొందరు మేస్త్రులు అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టు ఊడితే ఆ చోట గుచ్చుతారు. అలాంటి చేతులకి దండం పెట్టాలి. తమకి వాళ్లంటే పడదని విన్నాను.

ఇక తలమీద అంకెలు. 8.8 అని ఉంటే 800 మెగాపాస్కల్స్ (బలాన్ని కొలిచే లెక్క) లాగుడుకి తట్టుకునే రకం, 10.9 అంటే అంతకన్నా గట్టిది. తమ దగ్గర అంకెలు ఉన్నవీ, గ్రీజు కింద దాగినవీ, అసలు ఏ అంకే లేనివీ కలిసిమెలిసి బతుకుతున్నాయి. సామరస్యానికి సంతోషమే, కానీ బ్రేకు క్యాలిపర్ దగ్గర సామరస్యం పనికిరాదు. ఈమధ్య కుర్రాళ్లు మెరుపు చూసి స్టెయిన్‌లెస్ బోల్టులు బిగిస్తున్నారు. మామూలుగా దొరికే ఏ2-70 రకం బలం 700. కంపెనీ ఇచ్చిన నల్లటి 8.8 కన్నా తక్కువే.

పాత బుల్లెట్ వాళ్ల గోడు వేరు. అందులోని బ్రిటిష్ సైకిల్ త్రెడ్ బోల్టుకి అంగుళానికి 26 చుట్లు, అంటే పిచ్ దాదాపు 0.98 మిల్లీమీటర్లు. 5/16 అంగుళాల లావంటే 7.94. తమ దగ్గరున్న 8 లావు, 1 పిచ్ బోల్టు అందులోకి కాస్త మొహమాటపడుతూనే దూరిపోతుంది. అందుకే అక్కడ తమరి మీద అనుమానం కూడా రాదు.

కనుక ప్రభువులు దయతలచి, బ్రేకులు, చక్రాలు, స్టీరింగు జోలికి రాకుండా నంబరు ప్లేటుకీ, మడ్‌గార్డుకీ పరిమితమై వర్ధిల్లవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ దానానికి లేత్ షాపులో పన్ను కట్టిన
ఒక బండి యజమాని

తా.క.: నిన్న తమలో ఒక వీల్ నట్టు కనిపించింది. మారుతి స్విఫ్ట్‌ది 12 లావు, 1.25 పిచ్. టయోటా ఇన్నోవాది 12 లావే, 1.5 పిచ్. ఇది ఎవరిదో తేలేదాకా దాన్ని కారుల దగ్గరికి రానివ్వకండి. చిన్నోడు అప్పుడే పైపు వెతుకుతున్నాడు.